ఇంజన్‌లోకి నీటి తుంపర: పవర్ ఎక్కడి నుంచి వస్తుంది?

హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ల పైన, ఇంజన్ మూతకు కింద ఉండే సీలు) పోయిన ఇంజన్ విప్పగానే మెకానిక్‌లు ముందుగా పిస్టన్ల తలలు చూస్తారు. మిగతా పిస్టన్ల మీద నల్లగా కార్బన్ పేరుకుని ఉంటుంది. ఒక్కటి మాత్రం తోమిపెట్టినట్టు శుభ్రంగా, లోహం మెరుస్తూ కనిపిస్తుంది. కూలెంట్ లీకైంది ఆ సిలిండర్‌లోకేనని ఇక వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. రేడియేటర్ నీళ్లు కొద్దికొద్దిగా లోపలికి చేరి, మంటల మధ్య ఆవిరై, ఏళ్లుగా పేరుకున్న మసిని ఊడగొట్టేశాయి. ఇంజన్‌కు అది జబ్బు లక్షణమే, అలా వదిలేస్తే పెద్ద ఖర్చే. కానీ ఆ మెరుపు ఒక సంగతి చెబుతుంది. లోపలికి వెళ్లిన నీళ్లు మంటను ఆర్పలేదు. ఆ సిలిండర్ నీళ్లు తాగుతూనే కొన్నాళ్లు పనిచేసింది.

ఇదే పనిని కావాలని, కొలతగా, సన్నటి తుంపరగా చేస్తే దాన్ని వాటర్ ఇంజెక్షన్ అంటారు. దీనికి నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది. యుద్ధ విమానాలు, ప్రయాణికుల విమానాలు, ఓడలు, రేసు కార్లు దీన్ని వాడుకున్నాయి. ఆక్టేన్ (నొక్కితే తనంతట తాను అంటుకోకుండా తట్టుకునే గుణం) చాలని పెట్రోల్‌తో పెద్ద పవర్ తీయడానికి, ఇంధనం ఆదా చేయడానికి, పొగలోని విషవాయువులు తగ్గించడానికి ఇది పనికొస్తుందని పదేపదే రుజువైంది. అయినా మామూలు కారు బానెట్ ఎత్తితే ఇది కనిపించదు. ఇంత బాగా పనిచేసే పద్ధతి జనం చేతిలోకి ఎందుకు రాలేదన్నది ఆలోచించాల్సిన ప్రశ్న. దానికి జవాబు కావాలంటే అసలు నీళ్లు లోపల ఏం చేస్తాయో ముందు చూడాలి.

నీళ్లు ఇంధనం కావు. హైడ్రోజన్ పూర్తిగా కాలిపోయాక మిగిలేదే నీరు. కట్టెకు బూడిద ఎలాగో హైడ్రోజన్‌కు నీరు అలాగ. దాన్ని విడగొట్టి మళ్లీ హైడ్రోజన్ తీయడానికి ఎంత శక్తి పెట్టాలో, ఆ హైడ్రోజన్ మండినప్పుడు అంతకు మించి తిరిగి రాదు. మధ్యలో ఆల్టర్నేటర్, బ్యాటరీ నష్టాలు పోతే చేతికి వచ్చేది ఇంకా తక్కువ. ‘నీళ్లతో నడిచే కారు’ అంటూ తిరిగే వీడియోలన్నీ ఈ లెక్క దగ్గరే పడిపోతాయి. వాటిని నమ్మి డబ్బు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి ఈ మాట గట్టిగానే చెప్పాలి.

రెండో అపోహ ఇంకాస్త తెలివైనది. నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు ఉబ్బుతుంది కదా, ఆ ఆవిరే పిస్టన్‌ను తోస్తుంది అంటారు. ఆవిరి తోసే మాట నిజమే. కానీ ఆ ఆవిరి పుట్టడానికి కావాల్సిన వేడి మండుతున్న వాయువు నుంచే పోయింది. ఆ వాయువు చల్లబడి దాని తోపు తగ్గింది. ఈ చేత్తో ఇచ్చింది ఆ చేత్తో తీసుకున్నట్టే. ఎలాగూ వృథాగా పోయే వేడిని వాడుకుంటే తప్ప ఇందులో మిగులు లేదు. అమెరికాలో బ్రూస్ క్రోవర్ ఆ ఆలోచనతోనే ఆరు స్ట్రోకుల ఇంజన్ తయారుచేశారు. ఎగ్జాస్ట్ స్ట్రోక్ అయ్యాక వేడిగా ఉన్న సిలిండర్‌లోకి నీళ్లు చిమ్మి, ఆ ఆవిరితో ఇంకో పవర్ స్ట్రోక్ రాబట్టాలన్నది అందులోని సూత్రం. అది వేరే దారి. మామూలు వాటర్ ఇంజెక్షన్‌లో నీళ్లు పవర్ పుట్టించవు. పవర్‌కు అడ్డంగా ఉన్న గోడను కాస్త వెనక్కి జరుపుతాయి.

గోడ పేరు నాకింగ్

పెట్రోల్ ఇంజన్ నుంచి ఎక్కువ పవర్ రాబట్టే మార్గాలు అందరికీ తెలిసినవే. కంప్రెషన్ రేషియో, అంటే సిలిండర్‌లోని మిశ్రమాన్ని ఎన్నో వంతుకు నొక్కుతామన్నది, పెంచవచ్చు. టర్బో పెట్టి ఎక్కువ గాలి కుక్కవచ్చు. స్పార్క్‌ను సరైన సమయానికి, అంటే పిస్టన్ పైకి చేరకముందే ఇవ్వవచ్చు. ఈ మూడు దారులూ వెళ్లి ఒకే గోడకు తగులుతాయి.

స్పార్క్ ప్లగ్ దగ్గర అంటుకున్న మంట సిలిండర్ అంచుల వైపు పాకుతూ పోవాలి. 3,000 ఆర్‌పీఎం దగ్గర ఆ పనంతా జరగడానికి దొరికేది రెండు మూడు మిల్లీసెకన్లు. మంట వెనక కాలిన వాయువు ఉబ్బుతూ, ఇంకా కాలని మిశ్రమాన్ని ఓ మూలకు నొక్కుతుంది. నొక్కేకొద్దీ అది వేడెక్కుతుంది. మంట తన దాకా వచ్చేలోపే ఆ మూలనున్న మిశ్రమం తనంతట తాను ఒక్కసారిగా అంటుకుంటే పీడన తరంగాలు సిలిండర్ గోడలకేసి కొడతాయి. బయటికి అది డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు వినిపిస్తుంది. పెద్ద గేర్‌లో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు వచ్చే టకటక అదే. ఒకటి రెండుసార్లయితే ఇంజన్ తట్టుకుంటుంది. అదే పనిగా సాగితే పిస్టన్ అంచులు తినేసుకుపోతాయి, రింగులు విరుగుతాయి, చివరికి పిస్టన్‌కు చిల్లు పడుతుంది.

ఇప్పటి ఇంజన్లలో నాక్ సెన్సర్ ఆ చప్పుడును మనిషి చెవికన్నా ముందే పసిగడుతుంది. వెంటనే కంప్యూటర్ స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది. ఇంజన్ బతుకుతుంది కానీ పికప్ పోతుంది, మైలేజీ పోతుంది. ఆలస్యంగా మండిన మంట పిస్టన్‌ను తోయాల్సిన సమయం దాటిపోయి ఎగ్జాస్ట్‌ను వేడెక్కిస్తుంది. టర్బో ఇంజన్ గట్టిగా పనిచేసే ప్రతిసారీ లోపల ఈ రాజీ నడుస్తూనే ఉంటుంది.

రాజీకి మూలం వేడి. టర్బోనే తీసుకోండి. 27 డిగ్రీల గాలిని రెట్టింపు పీడనానికి నొక్కితే, 70 శాతం సామర్థ్యం ఉన్న కంప్రెసర్ నుంచి అది సుమారు 120 డిగ్రీలతో బయటికి వస్తుంది. ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ అందులో చాలావరకు తీసేస్తుంది కానీ మొత్తం తీయలేదు. ఇక్కడ మిగిలిపోయిన డిగ్రీలు అక్కడితో ఆగవు. కంప్రెషన్ రేషియో 10 ఉన్న ఇంజన్‌లో, లోపలికి వచ్చే గాలి 30 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే కంప్రెషన్ ముగిసేసరికి ఆ తేడా 65, 70 డిగ్రీలు అవుతుంది. నాకింగ్ వస్తుందా రాదా అన్నది తేల్చేది సరిగ్గా ఆ డిగ్రీలే.

ఇరవై గ్రాముల లెక్క

చెమట ఆరితే ఒళ్లు చల్లబడుతుంది. చెమట చల్లగా ఉండి కాదు, ఆరిపోతూ ఒంట్లోని వేడిని పట్టుకుపోతుంది కాబట్టి. ఇంజన్‌లోనూ జరిగేది అదే. ఇందులో నీటికి సాటి వచ్చే ద్రవం దాదాపు లేదు. కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజూల్స్ వేడి కావాలి. మెథనాల్‌కు సుమారు 1,100 చాలు. పెట్రోల్‌కైతే 350 దగ్గరే.

ఒక కిలో గాలితో లెక్క వేసి చూద్దాం. దానికి సరిపడా పెట్రోల్ సుమారు 68 గ్రాములు. అందులో 30 శాతం బరువున్న నీళ్లు, అంటే 20 గ్రాములు, తుంపరగా కొట్టామనుకుందాం. నాలుగు చెంచాల నీళ్లు. అవి పూర్తిగా ఆవిరి కావడానికి దాదాపు 50 కిలోజూల్స్ వేడి లాక్కుంటాయి. కిలో గాలి ఒక డిగ్రీ చల్లబడాలంటే దాని నుంచి ఒక కిలోజూల్ తీస్తే సరిపోతుంది. అంటే ఆ వేడంతా గాలి నుంచే పోతే 50 డిగ్రీల దాకా తగ్గుదల. అదే 68 గ్రాముల పెట్రోల్ మొత్తం ఆవిరైనా 24 డిగ్రీలకు మించి చల్లదనం ఇవ్వలేదు.

కాగితం మీద లెక్క ఇంత బాగుంటుంది. ఇంజన్‌లో అంత బాగుండదు. సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల్లో, అంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో, గాలి చల్లబడేకొద్దీ అది పట్టగలిగే తేమ తగ్గిపోతుంది, ఆవిరి కావడం మందగిస్తుంది. కొంత నీరు మానిఫోల్డ్ గోడలకు అంటుకుని, గాలి వేడి బదులు లోహం వేడిని తీసుకుంటుంది. ఆ నీరు వృథా. అదృష్టవశాత్తూ మిగిలిన తుంపర సిలిండర్‌లోకి వెళ్లాక, కంప్రెషన్ స్ట్రోక్‌లో గాలి వేడెక్కుతున్నప్పుడే ఆవిరవుతుంది. వేడి ఎక్కడ పుడుతోందో అక్కడే, పుడుతున్న క్షణంలోనే దాన్ని లాగేసుకుంటుంది. ఇంటర్‌కూలర్ ఎంత పెద్దదైనా ఈ పని చేయలేదు, ఎందుకంటే అది సిలిండర్ బయటే ఆగిపోతుంది. అందుకే నీటి చుక్క ఎంత సన్నగా ఉంది, నాజిల్ ఎక్కడ పెట్టారు అన్నవి నీటి పరిమాణం కన్నా ముఖ్యం. వాల్వ్‌కు దగ్గరగా పోర్టులో కొడితే ఒక ఫలితం, మానిఫోల్డ్ మొదట్లో కొడితే ఇంకొకటి. నేరుగా సిలిండర్‌లోకే కొట్టగలిగితే అతి తక్కువ నీటితో పని జరుగుతుంది, కానీ ఆ ఇంజెక్టర్ ఖర్చు, క్లిష్టత వేరే స్థాయిలో ఉంటాయి.

ఆవిరి అయ్యాక కూడా నీటి పని అయిపోదు. నీటి ఆవిరిని ఒక డిగ్రీ వేడి చేయడానికి అదే బరువున్న గాలికన్నా దాదాపు రెట్టింపు వేడి కావాలి. కాబట్టి మంట గరిష్ఠ ఉష్ణోగ్రత దిగుతుంది. అది మేలూ చేస్తుంది, కీడూ చేస్తుంది. మోతాదు మించితే మంట పాకే వేగం తగ్గి, కొన్నిసార్లు అసలు అంటుకోక మిస్‌ఫైర్ అవుతుంది, కాలని పెట్రోల్ ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. ఇక తుంపర కాకుండా ధారగా నీళ్లు చేరాయంటే పెను ప్రమాదమే. నీరు నొక్కితే నలగదు. పైకి వస్తున్న పిస్టన్ ఆ నీటికి తగిలి ఆగిపోతే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

నాకింగ్ పక్కన ఇంకో హద్దు కూడా ఉంది. జనానికి అది పెద్దగా తెలియదు. టర్బో టర్బైన్ రెక్కలు సుమారు 950 నుంచి 1,050 డిగ్రీల దాకానే తట్టుకుంటాయి. హైవే మీద గట్టిగా తొక్కినప్పుడు ఎగ్జాస్ట్ ఆ హద్దును తాకుతుంది. అప్పుడు చాలా ఇంజన్లు చేసేది ఏమిటంటే, అవసరానికి మించి పెట్రోల్ పోస్తాయి. మండడానికి కాదు, చల్లార్చడానికి. మండడానికి ఆక్సిజన్ లేని ఆ పెట్రోల్ ఆవిరవుతూ వేడి తీసుకుని, సగం కాలి కార్బన్ మోనాక్సైడ్‌గా బయటికి పోతుంది. ఆక్సిజన్ చాలక కాటలిటిక్ కన్వర్టర్ దాన్ని శుద్ధి చేయలేదు. వేడిని పట్టుకుపోవడంలో నీటికి సుమారు ఏడో వంతే ఉన్న ద్రవాన్ని, అంత ఖరీదు పెట్టి కొన్న ఇంధనాన్ని, కేవలం నీళ్లలా వాడటం ఇది. వాటర్ ఇంజెక్షన్‌కు అనుకూలంగా ఉన్న వాదనల్లో అన్నిటికన్నా బలమైనది ఇదే అనిపిస్తుంది. బాష్ కంపెనీ తన వాటర్ బూస్ట్ పద్ధతిని జనం ముందుకు తెచ్చినప్పుడు 13 శాతం వరకు ఇంధనం ఆదా అవుతుందని చెప్పింది. అది గట్టిగా యాక్సిలరేట్ చేసేటప్పుడు, హైవే వేగాల్లో నడిపేటప్పుడు వచ్చే లాభం. ఊళ్లో నెమ్మదిగా నడిపే కారులో ఈ హద్దులేవీ తగలవు కాబట్టి నీళ్లకు అక్కడ పనే ఉండదు.

ఆకాశంలో నీళ్లు

1890ల్లోనే హంగరీ ఇంజనీర్ డోనాట్ బాంకి నీటి తుంపరతో ఇంజన్ కంప్రెషన్ పెంచి చూపించారు. 1913లో బ్రిటన్‌లో బెర్ట్రమ్ హాప్కిన్సన్ గ్యాస్ ఇంజన్ సిలిండర్‌లోకి నీళ్లు చిమ్మి లోపలి నుంచే చల్లార్చారు. తర్వాత హ్యారీ రికార్డో సూపర్‌చార్జ్ చేసిన, అంటే కంప్రెసర్‌తో అదనపు గాలి కుక్కిన, ఇంజన్‌లో నాకింగ్ వచ్చేదాకా గాలి పెంచి, నీళ్లు కలిపి, ఇంకా పెంచుతూ పోయి ఆ గోడ ఎంత దూరం జరుగుతుందో కొలిచారు. కానీ ఇదంతా ప్రయోగశాల దాటి బయటపడింది రెండో ప్రపంచ యుద్ధంలో.

అమెరికన్ ప్రాట్ అండ్ విట్నీ ఆర్-2800 ఇంజన్‌లో 18 సిలిండర్లు, సుమారు 46 లీటర్ల సామర్థ్యం. కోర్సెయిర్ యుద్ధ విమానంలో వాడిన రకం పేరు ఆర్-2800-8డబ్ల్యూ. చివర ఉన్న డబ్ల్యూ నీటిదే. మామూలుగా 2,000 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజన్ నీళ్లతో 2,250 ఇచ్చేది. ఇందులో ఒక చిన్న భాగం దగ్గర ఆగి చూడాలి. నీళ్లు ప్రవహించడం మొదలవగానే ఆ పీడనంతో కార్బురేటర్‌లో ఒక వాల్వ్ కదిలి పెట్రోల్‌ను తగ్గించేది. అప్పటిదాకా చల్లార్చడం కోసం పోస్తున్న అదనపు పెట్రోల్‌కు ఇక పని లేదు. ఆ బాధ్యత నీళ్లు తీసుకున్నాయి. మిశ్రమం ఎక్కువ పవర్ ఇచ్చే పాళ్లకు వచ్చేసేది. ట్యాంకులో నీళ్లు అయిపోతే పీడనం పడిపోయి వాల్వ్ వెనక్కి వెళ్లేది, మిశ్రమం మళ్లీ చిక్కబడేది. కంప్యూటర్ అనే మాటే లేని రోజుల్లో, ఒక్క వాల్వ్‌తో చేసిన పని అది.

జర్మన్లు వాడినది ఎండబ్ల్యూ 50. అందులో 50 శాతం మెథనాల్, 49.5 శాతం నీరు, తుప్పు పట్టకుండా 0.5 శాతం నూనె. మెథనాల్ గడ్డకట్టకుండా కాపాడేది, కొంత ఇంధనంగానూ పనికొచ్చేది. జర్మన్ యుద్ధ విమానాల్లోని డీబీ 605 ఇంజన్ ఈ మిశ్రమంతో టేకాఫ్ పవర్‌ను 1,475 నుంచి 1,800 మెట్రిక్ హార్స్‌పవర్‌కు పెంచుకుంది. ఒకసారికి పది నిమిషాలే వాడాలి. ఇక్కడే నీటి అసలు స్వభావం బయటపడుతుంది. ఎండబ్ల్యూ 50 తక్కువ, మధ్యస్థ ఎత్తుల్లో అద్భుతంగా పనిచేసి, ఇంకా పైకి వెళ్లేసరికి దాదాపు నిరుపయోగం అయ్యేది. కారణం సూటిగా ఉంది. కింద సూపర్‌చార్జర్ ఇంకా ఎక్కువ గాలి ఇవ్వగలదు, నాకింగ్ భయంతోనే ఇవ్వడం లేదు. ఆ భయం తీసేస్తే పవర్ వచ్చింది. పైన గాలి పలచన, సూపర్‌చార్జర్ ఇచ్చేదంతా ఇప్పటికే ఇచ్చేసింది. అడ్డు నాకింగ్ కానప్పుడు నీళ్లు జరపడానికి ఏమీ లేదు. ఆ ఎత్తుల్లో జర్మన్లు ఆక్సిజన్ మోసుకెళ్లే నైట్రస్ ఆక్సైడ్ వైపు వెళ్లారు. నీళ్లే బలం ఇస్తాయనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి జవాబు ఇంకేదీ ఉండదు.

యుద్ధం తర్వాత డీసీ-6 లాంటి ప్రయాణికుల విమానాలు టేకాఫ్ కోసం నీరు, ఆల్కహాల్ మిశ్రమం వాడాయి. వాళ్లు దీన్ని యాంటీ డిటొనేషన్ ఇంజెక్షన్ అన్నారు. పేరులోనే పని ఉంది. తొలితరం జెట్లూ నీళ్లు తాగాయి. బీ-52 బాంబర్లు, తొలి బోయింగ్ 707లు, 747లు టేకాఫ్‌లో నీళ్లు చిమ్మి థ్రస్ట్ పెంచుకునేవి. వెనక నల్లటి పొగ తోకలా సాగేది.

జెట్లతోనే ఒక విషాదమూ ముడిపడి ఉంది. 1971 సెప్టెంబర్ 6న హాంబర్గ్ నుంచి బయల్దేరిన పానింటర్నేషనల్ సంస్థ బీఏసీ వన్-ఎలెవన్ విమానంలో, టేకాఫ్ సమయంలో ఇంజన్లను చల్లబరచాల్సిన నీటి ట్యాంకులోకి పొరపాటున కిరోసిన్ చేరింది. చల్లార్చాల్సిన చోట ఇంధనం పడింది. ఇంజన్లు విపరీతంగా వేడెక్కి గాల్లోకి లేచిన కాసేపటికే రెండూ ఆగిపోయాయి. పైలట్లు విమానాన్ని ఆటోబాన్ రోడ్డు మీద దించారు. రెక్కలు వంతెన స్తంభాలకు తగిలాయి. 121 మందిలో 22 మంది చనిపోయారు. యంత్రంలో లోపం లేదు. ట్యాంకులో ఏం పోశారన్నదే అంతా.

సీసా నింపాల్సిన కారు

ఈ పద్ధతి చరిత్ర అంతా వరసపెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. ట్యాంకు నింపడమే ఉద్యోగంగా ఉన్న మనిషి వెనకాల ఉన్న చోట నీళ్లు పనిచేశాయి. యుద్ధ విమానానికి గ్రౌండ్ సిబ్బంది, ఓడకు ఇంజన్ రూమ్ సిబ్బంది, రేసు కారుకు పిట్ సిబ్బంది ఉంటారు. కారు కొన్న మామూలు మనిషికి అలాంటివాళ్లెవరూ ఉండరు.

1962లో జనరల్ మోటార్స్ ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌ను తెచ్చింది. ప్రపంచంలో తొలి టర్బో కార్లలో అది ఒకటి. 3.5 లీటర్ల అల్యూమినియం వీ8, 215 హార్స్‌పవర్. ఆశ్చర్యం ఏమిటంటే, టర్బో పెట్టి కూడా కంప్రెషన్ రేషియోను 10.25 దగ్గర ఉంచారు. ఆ రోజుల్లో అది సాహసమే. ఆ ధైర్యం ఇచ్చింది నీళ్లే. బానెట్ కింద ఒక సీసాలో సగం మెథనాల్, సగం డిస్టిల్డ్ వాటర్, తుప్పు పట్టకుండా కాస్త మందు. దానికి టర్బో రాకెట్ ఫ్లూయిడ్ అని పేరు పెట్టి డీలర్ల దగ్గర అమ్మారు. ఇంజనీర్లు జాగ్రత్తగానే ఆలోచించారు. సీసా ఖాళీ అయితే ఒక వాల్వ్ మూసుకుని టర్బో బూస్ట్‌ను, అంటే టర్బో ఇచ్చే అదనపు గాలి పీడనాన్ని, కట్టడి చేస్తుంది, ఇంజన్ దెబ్బతినదు.

కానీ కొన్నవాళ్లు సీసా నింపలేదు. సీసా ఖాళీ, బూస్ట్ లేదు, ఇన్ని డబ్బులు పోసి కొన్న కారు లాగడం లేదని ఫిర్యాదులు మొదలయ్యాయి. 1963తో తయారీ ఆగింది. తర్వాత కంపెనీయే టర్బో తీసేసి మామూలు కార్బురేటర్ బిగించి ఇస్తానని ముందుకొచ్చింది. చాలామంది ఒప్పుకున్నారు. పెట్రోల్ అయిపోతే కారు ఆగుతుంది, అందుకే అందరికీ గుర్తుంటుంది. ఆ సీసా ఖాళీ అయితే కారు ఆగదు, కాస్త నీరసపడుతుంది. ఆ తేడాయే ఆ కారును ముంచింది.

1982, 83 ప్రాంతంలో ఫార్ములా వన్‌లో రెనో, ఫెరారీ టర్బో ఇంజన్లలో నీళ్లు వాడి లాభపడ్డాయి. రోడ్డు మీదికి మళ్లీ గట్టిగా వచ్చింది 2016 నాటి బీఎండబ్ల్యూ ఎం4 జీటీఎస్‌తో. 700 కార్లే చేస్తామని కంపెనీ ప్రకటించింది. డిక్కీలో ఐదు లీటర్ల నీటి ట్యాంకు, అక్కడి నుంచి పంపు, ఇన్‌టేక్ ప్లీనంలో (సిలిండర్లకు వెళ్లేముందు గాలి చేరే గదిలో) మూడు ఇంజెక్టర్లు. మామూలు ఎం4లో 431 హార్స్‌పవర్ ఇచ్చే ఆ మూడు లీటర్ల ఇంజన్ ఇక్కడ 500 ఇచ్చింది. ఇంజన్ ఆపగానే గొట్టాల్లోని నీళ్లన్నీ వెనక్కి ట్యాంకులోకి వెళ్లిపోతాయి, చలికి గడ్డకట్టి పైపులు పగలకుండా. ట్యాంకు ఖాళీ అయితే కంప్యూటర్ బూస్ట్, టైమింగ్ తగ్గించి ఇంజన్‌ను కాపాడుతుంది. జెట్‌ఫైర్ నాటి వాల్వ్ చేసిన పనే, ఇంకా నేర్పుగా. అయితే ట్రాక్ మీద గట్టిగా తోలే యజమాని మాత్రం పెట్రోల్‌తో పాటు నీళ్లూ పోసుకోవాల్సిందే. అలాంటి కారు కొనేవాళ్లు దాన్ని మోజుగా చేస్తారు. ఆఫీసుకు వెళ్లే కారులో అది చికాకే.

పైగా కుళాయి నీళ్లు పనికిరావు. వాటిలోని లవణాలు తుంపర ఆవిరయ్యాక మిగిలిపోయి నాజిళ్లలో, వాల్వుల మీద గట్టిపడతాయి. డిస్టిల్డ్ వాటరే పోయాలి. నిల్వ ఉన్న నీటిలో నాచు, బ్యాక్టీరియా పెరిగితే ఫిల్టర్లు పూడుకుపోతాయి. సిలిండర్ గోడ మీద పడ్డ నీరు ఆయిల్ పొరను కడిగేసి కిందికి దిగి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. మెథనాల్ కలిపితే గడ్డకట్టే బెడద తగ్గుతుంది కానీ అది విషం. పైగా దాని మంట పగటి వెలుతురులో దాదాపు కంటికి కనిపించదు. బయట దొరికే కిట్ తెచ్చి బిగించుకునేవాళ్లు ఈ ఒక్క విషయం మరవకూడదు: నీళ్లున్నాయన్న ధైర్యంతో బూస్ట్ పెంచి ట్యూన్ చేసిన ఇంజన్‌లో నాజిల్ పూడుకుపోతే, దాన్ని పసిగట్టి బూస్ట్ తగ్గించే ఏర్పాటు లేకపోతే, పిస్టన్ కరగడానికి కొన్ని సెకన్లు చాలు.

డీజిల్‌లో కథ వేరు

డీజిల్‌కు నాకింగ్ సమస్య ఇలా ఉండదు. అక్కడ నీళ్లు పొగ కోసం. సుమారు 1,500 డిగ్రీలు దాటిన మంటలో గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. ఉష్ణోగ్రత ఇంకా పెరిగేకొద్దీ అవి చాలా వేగంగా ఎక్కువవుతాయి. మంట తలను కాస్త వంచితే చాలు, ఆ వాయువులు బాగా తగ్గుతాయి. వార్ట్‌సిలా కంపెనీ ఓడల ఇంజన్లకు ఒకే ఇంజెక్టర్‌లో రెండు సూదులు పెట్టింది, ఒకటి డీజిల్‌కు, ఒకటి నీటికి. ముందు నీళ్లు పడి సిలిండర్‌ను చల్లబరుస్తాయి, తర్వాత ఇంధనం. నైట్రోజన్ ఆక్సైడ్లు 50 నుంచి 60 శాతం తగ్గాయి. ఇంకొందరు డీజిల్‌లోనే నీటిని చిలికి ఎమల్షన్ చేశారు. ఆ చుక్క వేడెక్కినప్పుడు లోపలి నీటి బిందువు ముందుగా ఆవిరై పేలి, చుట్టూ ఉన్న ఇంధనాన్ని ఇంకా సన్నగా చెదరగొడుతుంది. దాంతో మసి కూడా తగ్గుతుంది. ఓడలో నీటికి కరువు లేదు. ఇంజన్ వృథా వేడితోనే సముద్రపు నీటిని మంచినీరు చేసుకుంటారు. చూసుకునే సిబ్బంది ఇరవై నాలుగు గంటలూ ఉంటారు. ఇన్ని అనుకూలించినా, కొన్ని సముద్ర ప్రాంతాల్లో 2016 నుంచి అమల్లోకి వచ్చిన ఓడల నైట్రోజన్ ఆక్సైడ్ల మీది అంతర్జాతీయ టయర్ 3 నిబంధన, మొదటి నిబంధనతో పోలిస్తే 80 శాతం తగ్గింపు కోరింది. నీళ్లు ఒక్కటే అంత దూరం తీసుకెళ్లలేవు. యూరియా వాడే ఎస్‌సీఆర్, ఎగ్జాస్ట్‌ను తిరిగి లోపలికి పంపే ఈజీఆర్ ముందుకొచ్చాయి.

నీళ్లు బండిలోనే దొరికితే

కాబట్టి కార్ల విషయంలో మిగిలిన చిక్కు ఇంజన్ లోపల లేదు. నీళ్లు ఎవరు పోస్తారన్నదే. దీనికి ఒక జవాబు కారు ఏసీ. గాలిలోని తేమ ఏసీ కాయిల్ మీద నీరుగా మారి కింద రోడ్డు మీద కారిపోతూనే ఉంటుంది. బీఎండబ్ల్యూ తన ప్రయోగాత్మక కారు ఒకదానిలో ఆ నీటినే పట్టి ఇంజెక్షన్‌కు వాడింది. తేమ ఎక్కువున్న రోజున ఇది చక్కగా సరిపోతుంది. పొడి గాలిలో, ఏసీ వేయని చలిలో చుక్క రాదు.

రెండో జవాబు ఎగ్జాస్ట్. ఒక లీటరు పెట్రోల్ పూర్తిగా మండితే అందులోని హైడ్రోజన్ దాదాపు ఒక లీటరు నీరుగా మారుతుంది. చలి పొద్దున సైలెన్సర్ చివర కారే చుక్కలు ఆ నీరే. కావాల్సినదానికి మించిన నీరు రోజూ తోక గుండా పోతోందన్న మాట. పట్టుకోవడమే కష్టం. ఎగ్జాస్ట్‌ను సుమారు 50 డిగ్రీల కిందికి చల్లార్చితే తప్ప ఆ ఆవిరి నీరు కాదు. నీళ్లు బాగా అవసరమయ్యేది ఇంజన్ గట్టిగా పనిచేసే ఎండపూట, అప్పుడే చల్లార్చడం అన్నిటికన్నా కష్టం. అందుకే ఇంజన్ తీరిగ్గా నడుస్తున్నప్పుడు నీటిని పోగేసి దాచుకోవాలి. వచ్చిన నీరు కాస్త ఆమ్లం, దాన్ని శుద్ధి చేయాలి, తుప్పు పట్టని గొట్టాలు కావాలి. ఈలోగా మోటారు సాయం చేసే హైబ్రిడ్ కార్లు వచ్చి, పెట్రోల్ ఇంజన్ ఆ గోడ దాకా వెళ్లే సందర్భాలనే తగ్గించేశాయి. చాలా కంపెనీలకు నీటి ట్యాంకు కన్నా బ్యాటరీ తేలిక నిర్ణయం అయింది.

ఇప్పుడు ఈ పద్ధతికి కొత్త ఊపు హైడ్రోజన్ ఇంజన్ల నుంచి వస్తోంది. హైడ్రోజన్ చిన్న వేడి మచ్చ తగిలినా స్పార్క్ కన్నా ముందే అంటుకుంటుంది, మంట వేడికి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. ఈ రెండు జబ్బులకూ నీటి తుంపర సూటైన మందు. నీళ్లు కూడా బయటి నుంచి తేవాల్సిన పని లేకపోవచ్చు. ఒక కిలో హైడ్రోజన్ మండితే తొమ్మిది కిలోల నీరు పుడుతుంది. కార్బన్ లేదు కాబట్టి ఆ నీరు పెట్రోల్ ఎగ్జాస్ట్ నీటికన్నా ఎంతో శుభ్రం. అందులో కొద్ది భాగాన్ని పట్టి తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపగలిగితే ట్యాంకు నింపే మనిషే అక్కర్లేదు. ఇక మిగిలింది, ఆ ఆవిరిని చల్లార్చే కండెన్సర్‌ను బండిలో పట్టేంత చిన్నగా, కొనగలిగేంత చౌకగా తయారుచేయడం.